గ్లాసు మీద పేరు

మా గోదావరి జిల్లాల్లో గిన్నె మీద పేరు పడేదాకా అది ఇంటి గిన్నె కాదు. సారెలో పెట్టిన సామానుకి పుట్టింటివాళ్ల పేరు, గృహప్రవేశానికి చదివించినదానికి చదివించినవాళ్ల పేరు, తేదీతో సహా ఉండాల్సిందే. పెరవలి దగ్గర అజ్జరంలో చేసిన ఇత్తడి బిందెలు కొనే రోజుల్లో ఉలీ సుత్తీ పట్టుకుని చుక్క పక్కన చుక్క పెట్టి అక్షరాలు కొట్టేవారు. స్టీలు వచ్చాక కరెంటు పెన్ను వచ్చింది. జుయ్యిమంటూ నిమిషంలో రాసేస్తుంది. పొరుగింటికి కూర పంపిన గిన్నె మళ్లీ మనింటికే చేరేది ఆ పేరు వల్లనే.

పోయినవాళ్ల పేర్లు కూడా మనం అలాగే నిలుపుకుంటాం. సంవత్సరీకానికి గుడికి గంగాళమో, బడికి బీరువానో, తల్లీతండ్రీ లేని పిల్లలకి కంచాలో ఇచ్చి, ముందు 'కీ.శే.' అని వేయించి, కింద 'జ్ఞాపకార్థం' అని కొట్టిస్తాం. మా అమ్మ పేరు మీద నేనూ ఇచ్చాను. మనవాళ్ల పేరు నలుగురి చేతుల్లో తిరగాలన్న కోరిక మంచిదే. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

రాజమండ్రిలో నేను ఆదివారాలు తెలుగు చెప్పడానికి వెళ్లే హోమ్‌లో పేరు లేని వస్తువు కనబడదు. ఫ్యాను రెక్కల మీద పేరు, నీళ్ల ట్యాంకు మీద పేరు, మంచాల తలాపు రేకు మీద పేరు. కంచాల సంగతి చెప్పనే అక్కర్లేదు. పిల్లలు కంచాలకి ఆ పేర్ల మీదనే పిలుపులు పెట్టుకున్నారు. "ఇవాళ తాసిల్దారు గారు నాకొచ్చారు" అంటాడొకడు. "మామ్మగారి అంచు వంగిపోయిందండి, నాకొద్దు" అంటాడు ఇంకొకడు. కడిగి బోర్లించిన దొంతరలోంచి ఏది చేతికొస్తే అది ఆ పూటకి వాడిది. గ్లాసులూ అంతే. పొద్దున్న ఒకడు జావ తాగిన గ్లాసుతో మధ్యాహ్నం మరొకడు మంచినీళ్లు తాగుతాడు.

తిథి రోజుల్లో దాతలు వస్తారు. పులిహోర, బూరెలు, ఒక స్వీటు. వడ్డన మొదలయ్యే ముందు వార్డెన్ గారు చెయ్యి ఎత్తగానే పిల్లలందరూ లేచి, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. ఆకలి మీద ఉన్న పిల్లల ముందు బూరెల వాసన. అయినా ఒక్కడు కదలడు. ఆ తర్వాత దాత ఒక్కొక్కరి చేతిలోనూ కంచమో దుప్పటో పెట్టి "ఇది నీకు బాబూ" అంటారు. నాలుగు రోజులు తిరిగేసరికి ఆ కంచం దొంతరలో కలిసిపోతుంది.

ఈ మౌనం అయ్యాక ఒక పిల్లవాడు మాత్రం దాతల దగ్గరికి వెళ్లి, "ఆయన ఏమై చనిపోయారండి?" అని అడుగుతాడు. మొదట్లో వార్డెన్ గారు కోప్పడేవారు. నేనే వద్దన్నాను. గుండెపోటనో, కేన్సరనో, పెద్దవయసనో దాతలు చెబుతారు. చెబుతూ చెబుతూ కొందరు వాడి తల నిమురుతారు. బంధువులంతా అడిగి అడిగి మానేసిన ప్రశ్నని ఒక పసివాడు అక్కరగా అడిగితే వాళ్లకి ఎంత ఊరటో ఆ ముఖాల్లో చూశాను.

వాడి పేరు ఇక్కడ రాయను. హోమ్‌లో ఉండే పిల్లల్ని గుర్తుపట్టేలా పేరు గానీ, ఫొటో గానీ, చదివే బడి గానీ బయటపెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం లేకపోయినా రాసేదాన్ని కాదు. పుట్టినరోజు కేకు పట్టుకొచ్చి, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

వాడు రైలు ప్లాట్‌ఫారం మీద దొరికినవాడు. పేరు హోమ్‌లో పెట్టిందే. ఇంటిపేరు లేదు. వయసు డాక్టర్లు పరీక్షించి అంచనా కట్టింది. ఆ లెక్కన ఇప్పుడు పదకొండు. దత్తతకి వచ్చేవాళ్లు ఎక్కువగా చంటిపిల్లల్ని అడుగుతారు గనక ఈ వయసువాళ్లకి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. నా దగ్గరికి వచ్చేటప్పటికి వాడికి గుణింతాలు సరిగ్గా రావు. వాచకం ముట్టుకునేవాడు కాదు. కంచాల మీద పేర్లు మాత్రం కూడబలుక్కుని చదివేవాడు. నేనూ అక్కణ్ణుంచే మొదలుపెట్టాను. 'కీర్తిశేషులు' అన్న మాట వాడు తప్పు లేకుండా రాసిన మొదటి పెద్దమాట. అర్థం అడిగితే చెప్పాను. వేసవి సెలవులు అయ్యేసరికి ఒక కథల పుస్తకం మొత్తం చిన్నపిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చదివి వినిపించాడు. ఆరో తరగతిలోకి వెళుతున్నాడు. ఆ సందర్భానికి వాడికంటూ ఒకటి ఇవ్వాలనిపించింది.

ఏమివ్వాలి? పదకొండేళ్లంటే బొమ్మలకీ మీసాలకీ మధ్య. బొమ్మకారు ఇస్తే చిన్నబుచ్చుకుంటాడు. చొక్కా ఇస్తే ఆరు నెలల్లో పొట్టిదైపోయి వెనకవాడికి పోతుంది. క్రికెట్ బంతి ఇస్తే ఆ సాయంత్రమే ఊరుమ్మడి. చేతి గడియారం ఇద్దామంటే వార్డెన్ గారు ఒప్పుకోలేదు. "ఒక్కడి చేతికి గడియారం కనిపిస్తే మిగతా ముప్పైమందికీ ఆ రాత్రి నిద్ర ఉండదు టీచర్ గారూ" అన్నారు. ఆవిడ మాట న్యాయమే. జామెట్రీ బాక్సు బడి తెరవగానే అందరికీ వస్తుంది. దుప్పటి, తువ్వాలు, సబ్బు దగ్గర్నుంచి పిల్లవాడికి ఏమేం ఇవ్వాలో 2016 నాటి నమూనా నియమాల్లో జాబితాయే ఉంది, ఈ హోమ్‌లో వాటికి లోటు రానివ్వరు. కడుపు నిండుతోంది, ఒళ్లు కప్పుకోవడానికి ఉంది. లేనిదల్లా 'ఇది నాది' అని చెప్పుకోవడానికి ఒక వస్తువు. సొంత ఇంట్లో పెరిగే పిల్లవాడు పీట దగ్గర్నుంచి దిండు దాకా నాది నాది అని పోట్లాడి పెరుగుతాడు. ఆ పోట్లాటలోనే తనెవరో వాడికి తెలుస్తుంది. ఆ 'నాది' కోసం ఖరీదైనది కొననక్కర్లేదు. రోజూ చేతిలోకి వచ్చేది, ఇంకొకరి చేతిలోకి పోనిది అయితే చాలు.

అందుకే స్టీలు గ్లాసు అనుకున్నాను. వార్డెన్ గారు కూడా బాగుందన్నారు. కుదిరితే ఒక్కొక్క పుట్టినరోజుకీ ఒక్కొక్కరికి ఇద్దామన్నారు.

మెయిన్ రోడ్డులో సామాన్ల కొట్టుకి వెళ్లి, అడుగు మందంగా ఉన్న గ్లాసు ఏరుకున్నాను. పేరు కొట్టే కుర్రాడు పెన్ను పట్టుకుని "ఇంటిపేరు చెప్పండమ్మా" అన్నాడు. పేరొక్కటే చాలన్నాను. "ఇచ్చేవారి పేరు?" వద్దన్నాను. "తేదీ?" అదీ వద్దన్నాను. పెద్ద అక్షరాలతో, గుండ్రంగా, దూరం నుంచి కనిపించేలా వాడి పేరు మాత్రం వేయమన్నాను. కుర్రాడు మనసుపెట్టి వేశాడు. అంచు చుట్టూ సన్నటి తీగ కూడా గీసి, దానికి డబ్బులు తీసుకోలేదు.

ఆ ఆదివారం పాఠం అయ్యాక వాణ్ణి వెనక ఉండమన్నాను. కాగితం పొట్లం చేతిలో పెట్టి "ఇది నీకు" అన్నాను. మెల్లగా విప్పాడు. గ్లాసుని కిటికీ వెలుతురులోకి తిప్పి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం తడుముతూ చదివాడు. తప్పు లేదు, తడబాటు లేదు.

"నా పేరేనండి!" అన్నాడు. వాడి ముఖం అంతలా విప్పారగా నేనెప్పుడూ చూడలేదు. ఇంకోసారి చదివాడు.

తర్వాత గ్లాసుని బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, నిటారుగా నిలబడి, చేతులు కట్టుకుని కళ్లు మూసుకున్నాడు. దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాడేమో అనుకున్నాను. కదిలించలేదు. చాలాసేపటికి కళ్లు తెరిచాడు. నా దగ్గరగా వచ్చి, చెయ్యి పట్టుకుని అడిగాడు:

"చిన్నవాడేనాండి? ఏమై చనిపోయాడండి, పాపం?"