జమాఖర్చు లేని మహాయుద్ధాలు

ఏదైనా పెద్ద గేము కంపెనీకి వెళ్లి ఈ కథ చెప్పి చూడండి. పండగపూట ఒక సుల్తాను పూటుగా తాగి పాటకచేరీ విన్నాడు. 300 మంది పాటగాళ్లకు సంభావన రాయించాడు. తన బొక్కసం మీద కాదు, ఏటికవతలి పగరాజు బొక్కసం మీద. మంత్రి బుద్ధిమంతుడు, మత్తులో అన్న మాటేలే అని ఆ హుండీ కాగితాన్ని దాచిపెట్టాడు. తెల్లారి నిషా దిగాక సుల్తాను అడిగి మరీ పంపించాడు. అవతలి రాజు ఆ కాగితం తెచ్చినవాణ్ని గాడిదనెక్కించి ఊరేగించి వెనక్కి తోలాడు. ఇక యుద్ధం! మీరు మొదటి కోట దాకా రాకముందే కథావిభాగం పెద్దలు కుర్చీలు జరుపుకుని లేస్తారు. "కారణం నమ్మేలా లేదండీ, ఆటగాళ్లు ఒప్పుకోరు" అంటారు.

ఆటగాళ్లు ఒప్పుకోకపోతే పోయె, ఆదోని ఒప్పుకోక తప్పలేదు. చరిత్రకారుడు ఫెరిష్తా రాసినదాంట్లో ఆ సుల్తాను బహమనీ మహమ్మద్ షా, ఆ రాజు విజయనగర బుక్కరాయలు, ఏరు తుంగభద్ర, ఏడాది 1366. రాయలు లక్ష కాల్బలంతో, 30 వేల గుర్రాలతో, 3 వేల ఏనుగులతో వచ్చి మొదట దిగింది మా ఆదోని దగ్గరే. ఫెరిష్తా సున్నాలు పెట్టడంలో ధారాళమైన మనిషి. రెండు సున్నాలు కొట్టేసినా 30 ఏనుగులు మిగులుతాయి. వాటికి మేత ఎవరి చేలో దొరికిందో ఆ చేను గలవాడికే తెలియాలి. ఊళ్లకు ఊళ్లు తెగిపడ్డాక సంధి మాటలు వచ్చాయి. సుల్తాను అడిగింది ఒక్కటే: నా హుండీ చెల్లాలి. రాయబారులు పాటగాళ్ల డబ్బు అక్కడికక్కడే కట్టారు. యుద్ధం అయిపోయింది.

అందుకే అంతరిక్ష యుద్ధాల గేముల మీద లోకం వేసే నింద నేను వెయ్యను. కారణం పిచ్చిదంటారు. కానివ్వండి, పిచ్చి కారణాలకు మా నేల మీద కావలసినన్ని నమూనాలున్నాయి. నాకు మింగుడుపడనిది వేరే. తాగినవాడు మొదలుపెట్టిన యుద్ధంలో కూడా ఒక బిల్లుంది, కట్టగానే ఆగింది. ఈ గెలాక్సీ సేనానులు ఎంత దక్కితే ఇంటికి పోతారో, అప్పటిదాకా వాళ్లకు కూడు ఎవరు పెడతారో ఒక్కడూ నోరు విప్పడు.

వార్‌హ్యామర్ 40,000 తీసుకోండి. 1987లో బల్ల మీద బొమ్మలతో ఆడే ఆటగా పుట్టి కంప్యూటర్లలోకి పాకింది. అందులో చక్రవర్తి పదివేల ఏళ్లుగా బంగారు కుర్చీలో కదలకుండా కూర్చుని ఉంటాడు. బతికున్నాడో లేదో ఎవరూ తేల్చరు. (కుర్చీ ఎక్కినవాళ్ల విషయంలో ఈ అనుమానం మనకు కొత్తేం కాదు.) ఆయన ఏలుబడిలో పది లక్షల లోకాలు. వాటిని కాచే మహావీరులు స్పేస్ మెరైన్లు: దళానికి వెయ్యిమంది, అలాంటి దళాలు సుమారు వెయ్యి. గుణించండి. లోకానికి ఒక్కడు! మన భూమి వాటాకు వచ్చిన వీరుడు ఆదోనిలో రాక్షసుల్ని నరుకుతుండగా ఎమ్మిగనూరులో గొడవైందని ఫోనొస్తే, పాపం, ఆర్టీసీ బస్టాండుకు పరుగెత్తాలి. మామూలు సిపాయిలు వేరే ఉన్నారు, కోట్లకు కోట్లు అంటారు అభిమానులు. ఉండనీండి. కోట్లమందికి పూటకు ఎన్ని బస్తాలు?

ఈ ప్రశ్న మా వీధిలో రాత్రంతా ఆడే కుర్రాణ్ని అడిగాను.

"ఏమప్పా, ఈళ్లంతా ఏం తింటారు?"

"తినేదేంది మామా? సచ్చిపోతే మళ్లా రెస్పాన్ అయితారు గదా!"

అదీ వ్యూహం. చచ్చినవాడు లేచొస్తుంటే సేనానికి బుర్ర ఎందుకు?

మహమ్మద్ షా కొడుకు ముజాహిద్ షాకు ఆ సౌకర్యం లేదు. ఆయన ఆదోని కోటను తొమ్మిది నెలలు ముట్టడించాడు. లోపల నీళ్లు అడుగంటాయి. తలుపులు తీసేద్దామని కోటవాళ్లు అనుకునే వేళకు వాన దంచికొట్టింది. తలుపులు తెరుచుకోలేదు. బయట దండులో గింజలు నిండుకున్నాయి, సిపాయిలకు విరేచనాలు పట్టుకున్నాయి. డేరాలు ఎత్తేశారు. మా పశ్చిమ కర్నూలు వాన సరైన సమయానికి పడిందని చరిత్రలో రాసుకోదగ్గ సందర్భం అదొకటి. ఇరవై ఆరో శతాబ్దపు సేనాని ఒక్కడికైనా విరేచనాలు పట్టుకోగా నేను చూడలేదు.

మాస్ ఎఫెక్ట్ అనే గేము ఉంది. యంత్రాలు ఎప్పటికైనా ప్రాణుల్ని చంపేస్తాయని భయం. కనుక ప్రాణుల్ని కాపాడటానికి 50 వేల ఏళ్లకోసారి యంత్రాలే వచ్చి ప్రాణుల్ని చంపిపోతాయి. దీని మీద నేనేమీ అనను. ఇలాంటి పథకాలకు మన దగ్గర జీవోలు కూడా వస్తుంటాయి.

హేలో గేములో 2525వ సంవత్సరంలో శత్రువులు మొట్టమొదట పడేది పంటలు పండించే గ్రహం మీద. ఆ పంట కాలిపోయాక మిగతా లోకాల్లో గింజ ధర ఎంతకెక్కిందని అడిగే హీరో లేడు. మాకు మాత్రం యుద్ధమంటే ముందు తెలిసేది ధరే. 1861లో అమెరికాలో ఉత్తరం వాళ్లూ దక్షిణం వాళ్లూ కొట్టుకుంటే లాంకషైరు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయి, బళ్లారి జిల్లా పత్తికి రెక్కలొచ్చాయి. ఆదోని అప్పుడు ఆ జిల్లాదే. 1865లో అక్కడ తుపాకులు దించారు, ఇక్కడ ధర దిగింది. మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టింది 1938లో. మరుసటి ఏడాదే హిట్లరు పోలండు మీద పడ్డాడు. ఆ యుద్ధం ముదిరేసరికి మద్రాసు రాష్ట్రంలో నూలుకు కటకట. ఫిరంగి మోత ఎన్నడూ వినని మగ్గం గుంతలోకి కూడా యుద్ధం దిగొచ్చింది. గెలాక్సీ సైన్యాల భుజాల మీద అన్నన్ని ఎర్ర శాలువాలు, కోటలంత జెండాలు రెపరెపలాడతాయి కదా, అవి ఏ సంఘంలో నేశారు? నూలు ఎవరిచ్చారు? కూలి బకాయి ఎంత?

ఒక్క బ్యాటిల్‌టెక్ దగ్గర మాత్రం నా చెయ్యి కాస్త తగ్గింది. 1984 నాటి ఆట. అందులో క్లాన్లని వీరజాతులుంటాయి. దండెత్తే ముందు వాళ్లలో వాళ్లే వేలం వేసుకుంటారు: ఎవరు అందరికన్నా తక్కువ బలగంతో గెలుస్తామంటే దాడి వాళ్లది. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కుప్ప చుట్టూ తిరిగే వ్యాపారికి ఇది నవ్వులాటే. అక్కడ పాట పైకి పోవాలి, తేమ ఉందని, కాయ పుచ్చని పాట తగ్గించేది కొనేవాడి లాభానికే. కానీ కాలువ కాంట్రాక్టరుకు బాగా అర్థమవుతుంది. లెస్‌కు వేసి పని పట్టెయ్, తరవాత చూసుకుందాం! సరిగ్గా అదే జరుగుతుంది. 3052లో టుకయ్యిద్ గ్రహం మీద, చప్పున ముగించేస్తామని వచ్చిన క్లాన్లలో చాలామంది యుద్ధం మూడు వారాలు సాగేసరికి మందుగుండు చాలక చతికిలబడతారు. ఇది రాసినవాడెవడో సగంలో ఆగిన కాలువను గట్టు మీద నిలబడి చూసినవాడే అయ్యుండాలి.

ఇక లక్ష్యం స్పష్టంగా ఉన్న యుద్ధం చూడాలంటే దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టుకు రండి. మాళ మల్లేశ్వరుడి ఉత్సవ విగ్రహాల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఒక పక్షం. అరికెర, ఎల్లార్తి, సుళువాయి వంటి ఊళ్లు మరో పక్షం. బయల్దేరే ముందు పాలు ముట్టి బాస చేస్తారు, పగలు పక్కన పెట్టి ఒక్కటిగా ఉంటామని. తరవాత దివిటీల వెలుగులో ఇనుప తొడుగుల కర్రలు లేస్తాయి. తలలు పగులుతాయి, ప్రాణాలు పోయిన ఏళ్లూ ఉన్నాయి. పోలీసులు డ్రోన్లు ఎగరేస్తారు, అధికారులు ఊరూరా హితబోధ చేస్తారు, కర్రలు మాత్రం లేస్తూనే ఉంటాయి. నేను దీన్ని మెచ్చుకోవడం లేదు. కట్టు కట్టించుకుని ఆస్పత్రి అరుగు మీద కూర్చున్నవాణ్ని చూసినవాళ్లెవరూ మెచ్చుకోరు. యుద్ధశాస్త్రం వరకే మాట్లాడదాం. ఏం కావాలో తెలుసు, ఎప్పుడు ఆగాలో తెలుసు. అంతా అయ్యాక పూజారి భవిష్యవాణి వినిపిస్తాడు: ఈ ఏడు పత్తి ఎంత పలుకుతుంది, జొన్న ఎంత పలుకుతుంది. సమరం ముగియగానే మార్కెట్ రేటు చెప్పే పద్ధతి ఏ నక్షత్ర మండలంలోనైనా ఉందా?

గేముల్లో యుద్ధం 'విక్టరీ' అనే బంగారు అక్షరాలతో ముగుస్తుంది. నిజాముకూ అలాంటి విక్టరీలు రెండొచ్చాయి. ఇంగ్లీషువాళ్ల పక్కన నిలబడి టిప్పు సుల్తాను మీద 1792లో ఒకటి, 1799లో ఒకటి. రెండుసార్లూ వాటాగా భూములు దక్కాయి. 1800 వచ్చేసరికి, తన కాపలాకు పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ పటాలం ఖర్చు కింద, గెలిచిన ఆ భూములనే కంపెనీకి రాసిచ్చేశాడు. వాటితో పాటు మా ఆదోనినీ. సిపాయిల జీతాల బిల్లుకు ఏకంగా జిల్లాలే చెల్లిపోయాయి. దత్తమండలాలు అని ముద్దుపేరు కూడా పెట్టారు. ఆ గెలుపు తరవాత మా పొలాల మీద కనిపించినవాడు కవచం తొడిగిన మహావీరుడు కాదు. కలెక్టరు మన్రో. ఆయన మనుషులు గొలుసులు పట్టుకుని, శిస్తు కట్టడానికి ఎవరి చేను ఎంతుందో కొలుస్తూ వచ్చారు.