అన్‌సీజన్ ఇల్లు

జిన్నింగ్ మిల్లు కూడా అలసిపోతుంది. పత్తి రాక తగ్గగానే యంత్రం ఆగుతుంది, గేటుకు తాళం పడుతుంది, వాచ్‌మన్ నులకమంచం చెట్టు నీడలోకి జరుగుతుంది. ఈ అలసటను మన విద్యుత్ నియంత్రణ మండలి ఎంతో సున్నితంగా అర్థం చేసుకుంది. టారిఫ్ ఉత్తర్వులో సీజనల్ పరిశ్రమలని ఒక అరుగు కట్టి, పత్తి జిన్నింగును, పొగాకు రీడ్రయింగును, చక్కెర మిల్లును, పండ్ల ప్రాసెసింగును దాని మీద కూర్చోబెట్టింది. మామూలు రోజుల్లో ఒప్పుకున్న లోడులో కనీసం 80 శాతానికి డిమాండ్ ఛార్జీ కట్టాల్సిన పరిశ్రమ, అన్‌సీజన్లో 30 శాతానికి కడితే చాలు. అన్‌సీజన్లో యూనిట్ ధర కాస్త పెంచుతారు, నిజమే. తిరగని మిల్లుకు యూనిట్లెక్కడివి?

మంచి రూలు. నాకు దీని మీద ఒక్క అభ్యంతరం కూడా లేదు. వాడనప్పుడు నెలనెలా దండుగ కట్టడం అన్యాయమని గుంటూరు మిల్లు యజమాని చెబితే మండలి విన్నది. అదే మాట ఆ మిల్లుకు పత్తి తీసిపెట్టిన మనిషి చెబితే వినడానికి ఏం అడ్డం వచ్చిందన్నదే నా ప్రశ్న.

ఆ మనిషి ఎవరో తెలుసుకోవాలంటే దీపావళి దాటాక కర్నూలు జిల్లా పడమటి మండలాలకు వెళ్ళాలి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం. అక్కడ వానలు మొహం చాటేసిన ఏడు వీధికి వీధే తాళాలు వేసుకుని సుగ్గికి, అంటే కూలి వలసకు, బయల్దేరుతుంది. వంటగిన్నెలు, బియ్యం మూట, చంటిపిల్ల, నీలం పరదా పట్టా వ్యానులో వేసుకుని ప్రత్తిపాడు, మేడికొండూరు, ఫిరంగిపురం, క్రోసూరు చేలకు చేరుతుంది. పశ్చిమ ప్రకాశంలో కనిగిరి, పామూరు వైపు తాళాలదీ ఇదే కథ. ఆ జనం ఎక్కువగా హైదరాబాదు కట్టడాలకు పోతారు. చేలకు వచ్చినవాళ్ళకు మొదట పత్తి తీత, తర్వాత మిరప కోత. చేను గట్టున పట్టా కింద కాపురం. అక్కడ కరెంటు ఉండదు. సెల్‌ఫోనుకు చార్జింగ్ కావాలంటే రైతు మోటారు షెడ్డు దాకా నడవాలి. మోటారుకు పగలు 9 గంటల ఉచిత కరెంటు వస్తుంది. కోసిన కాయ గుంటూరు కోల్డ్ స్టోరేజీలో చల్లగా నిద్రపోతుంది. కోసిన మనిషి పట్టా కింద టార్చిలైటు వెలుగులో అన్నం తింటాడు. మిరపకాయను చూసి కుళ్ళుకోవాల్సిన రోజొకటి వస్తుందని ఎవరనుకున్నారు!

ఇంటి దగ్గర మీటరు మాత్రం సుగ్గికి పోదు. గోడకు అలాగే వేలాడుతూ ఉంటుంది.

లెక్క చూద్దాం. 2022 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో ఇళ్ళకు ఏ, బీ, సీ గ్రూపులు పోయి ఒకటే వరస వచ్చింది. మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. మొదటి మెట్టు చూస్తే పేదవాడి మీద ఎంత ప్రేమో అనిపిస్తుంది. కానీ ప్రేమ పక్కనే ఇంకో రెండు గీతలున్నాయి. 2021లో మినిమం ఛార్జీ ఎత్తేశామని చెప్పి, కిలోవాట్ లోడుకు నెలకు 10 రూపాయల ఫిక్స్‌డ్ ఛార్జీ పెట్టారు. కస్టమర్ ఛార్జీ అని అన్నిటికంటే చిన్న బిల్లు మీద 25 రూపాయలు ఎప్పటినుంచో ఉంది. అంటే ఒక కిలోవాట్ ఇంట్లో ఒక్క బల్బు కూడా వెలగకపోయినా నెలకు 35.

ఇంటి పెద్దలు సుగ్గికి పోయాక ముసలమ్మ ఒక్కతే మిగిలిందనుకోండి. ఒక ఎల్‌ఈడీ బల్బు, ఉక్కపోస్తే కాసేపు ఫ్యాను. నెలకు 5 యూనిట్లు. కరెంటు ధర 9.50. స్థిర ఖర్చులు 35. సుంకం యూనిట్‌కు 6 పైసల చొప్పున 30 పైసలు. మొత్తం 44.80. యూనిట్‌కు దాదాపు 9 రూపాయలు పడింది. పైన రాసిన వరస మళ్ళీ చూడండి: 8.75 మెట్టు ఎవరిది? రెండు ఏసీలూ గీజరూ ఉన్న ఇంటివాళ్ళు 225 యూనిట్లు దాటాక ఎక్కే మెట్టు. అవ్వ ఒక్క బల్బు వేసి దాన్నీ దాటేసింది. గుంటూరు బ్రాడీపేటలో 3 కిలోవాట్ల ఇంట్లో 200 యూనిట్లు కాల్చే కుటుంబానికి అన్నీ కలిపి సగటున యూనిట్‌కు 5 రూపాయలు కూడా పడదు.

ఇలాంటి ఇంటి దగ్గర బిల్లు మిషనుతో వచ్చిన కుర్రాడికీ అవ్వకూ మధ్య మాటలు ఇలా నడుస్తాయని నా ఊహ.

"ఎన్ని కాలినాయప్పా?"

"ఐదవ్వా."

"ఎంతొచ్చింది?"

"నలభై ఐదు."

"ఒక్కోటి తొమ్మిదా! కరెంటా ఇది, గుంటూరు మిరపకాయా?"

"నువ్వు కాల్చింది పది రూపాయలే అవ్వా. మిగతాది మీటరు ఉన్నందుకు."

"ఆ మీటరు యాడుంది?"

"మీ గోడకే గదా."

"అట్లయితే గోడకు బాడుగ ఎంతిస్తారు మాకు?"

కుర్రాడి మిషన్లో గోడ బాడుగకు మీట లేదు. కాగితం చింపి చేతిలో పెట్టి పక్క వీధికి పోతాడు.

కరెంటు పంచే డిస్కమ్ వాదన నాకు తెలుసు. స్తంభం, తీగ, ట్రాన్స్‌ఫార్మర్, లైన్‌మన్ జీతం, ఇవన్నీ మీరు వాడినా వాడకపోయినా ఉండే ఖర్చులని అంటుంది. ఒప్పుకుంటాను. విద్యుత్ చట్టం 2003 కూడా 45వ సెక్షన్లో స్థిర ఛార్జీ వేసుకోవచ్చని రాసి ఇచ్చింది. థర్మల్ కేంద్రాల నుంచి కరెంటు తీసుకోకపోయినా స్థిర ఛార్జీ కట్టే ఒప్పందాలు డిస్కమ్‌ల మెడకు కూడా ఉన్నాయి పాపం. అయితే మిల్లుకు పోయే తీగ ఏమన్నా అన్‌సీజన్లో చుట్ట చుట్టి గోదాములో పెడతారా? ఆ స్తంభమూ నిలబడే ఉంటుంది, ఆ ట్రాన్స్‌ఫార్మరూ గుర్రుమంటూనే ఉంటుంది. అక్కడ 30 శాతంతో సరిపెట్టుకున్న ఇంజనీరింగు కోసిగికి వచ్చేసరికి ఒక్క రూపాయి కూడా వదలనంటుంది.

నెలకు 35 రూపాయలే కదా, టీ ఖర్చు కదా అనే పెద్దమనుషులు కూడా ఉన్నారు. వాళ్ళ మాట నిజమే, చాలా చిన్న మొత్తం. అంత చిన్నదైతే వదిలెయ్యచ్చు కదా అంటే మాత్రం డిస్కమ్ నష్టాల జాబితా తీస్తారు. అవ్వ దగ్గరున్నప్పుడు టీ ఖర్చు, డిస్కమ్ దగ్గరికి పోయేసరికి మూలధనం. పైగా నాలుగు నెలలు ఎవరూ కట్టకపోతే ఫ్యూజు పీకుతారు. సుగ్గి నుంచి తిరిగొచ్చిన కుటుంబం బకాయి కట్టి, ఆలస్యానికి కట్టి, మళ్ళీ కలపడానికి వేరే కట్టుకోవాలి. ఎస్సీ, ఎస్టీలకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితముంది. ఆ కాగితాలు కుదిరిన ఇళ్ళు బతికిపోయాయి. సుగ్గికి పోయేవాళ్ళలో బీసీలు కూడా బోలెడంతమంది.

గుంటూరు మిర్చి యార్డు తక్‌పట్టీ చూసినవాడికి కరెంటు బిల్లు కొత్తగా ఉండదు. పైన ఒక ధర, కింద వరసగా కోతలు. తేడా ఏమిటంటే యార్డులో కోతలు ఈ ఏటి కాయ మీదే పడతాయి. కరెంటు బిల్లులో పాత సంవత్సరాలు కూడా వచ్చి కూర్చుంటాయి. ట్రూఅప్ అంటారు, ఎఫ్‌పీపీసీఏ అంటారు, సర్దుబాటు అంటారు. పాత నెలల్లో వాడిన యూనిట్ల మీద లెక్కగట్టి వేయడంతో గుంటూరులో కొత్తగా అద్దెకు దిగినవాడు ముందు అద్దెకున్నవాడి ఫ్యాను గాలికి డబ్బు కట్టాడు. మిల్లు వాడనిదానికి పూర్తిగా కట్టక్కర్లేదు, అద్దెవాడు మాత్రం ఇంకొకడు వాడినదానికీ కట్టాలి.

దీని మీద మన పార్టీలు ఆడే నాటకం చూస్తే సురభివాళ్ళు కూడా చేతులెత్తి దండం పెడతారు. తెలుగుదేశం ఏలిన 2014-19 నాటి ట్రూఅప్ 3,669 కోట్లు. వసూలు మొదలైంది వైసీపీ హయాంలో. 2021లో మొదలెట్టి, ఆపి, 2022లో మళ్ళీ పట్టాలెక్కించారు. వీధుల్లోకొచ్చి "బాదుడే బాదుడు" అన్నది తెలుగుదేశం. గద్దె మారింది. వైసీపీ ఏలిన 2022-23 సర్దుబాటు 6,072 కోట్లు 2024 డిసెంబరు నుంచి కూటమి వసూలు చెయ్యడం మొదలెట్టింది. దాని వెనకాలే 2023-24 తాలూకు 9,412 కోట్లు. ఆ డిసెంబరు 27న "పోరుబాట" పట్టింది వైసీపీ. తన హయాం బకాయిని ఎదుటివాడు వసూలు చేస్తుంటే రోడ్డెక్కి గుండెలు బాదుకోవడంలో రెండు పార్టీలకూ ఏకాభిప్రాయం ఉంది. వామపక్షాలు కరెంటు బిల్లులను భోగిమంటలో వేసి చలి కాచుకున్నాయి. 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసలు ట్రూడౌన్ అని తగ్గించినప్పుడు అది మా ఘనతే అని చెప్పుకోవడం కూడా జరిగింది. 5 యూనిట్ల అవ్వకు నెలకు 65 పైసలు! ఆ చిల్లర బ్యాంకులో వేసుకోవాలా, పోస్టాఫీసులోనా అని ఆమె తేల్చుకోవాలి.

టారిఫ్‌లు పోల్చి చూసుకునే సుఖం లండనులో ఉన్న మన పిల్లలకుంది. అక్కడ కరెంటు అమ్మే కంపెనీలు బోలెడు. స్టాండింగ్ ఛార్జి రోజుకు అర పౌండు పైమాటే, కరెంటొక్కదానికే. తక్కువ వాడేవాళ్ళు గోలపెడితే నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ కదిలి, ఆ ఛార్జి తక్కువగా ఉండే టారిఫ్ ఒకటైనా చూపించమని కంపెనీలను తొందరపెడుతోంది. స్టాండింగ్ ఛార్జి తీసేసినవాడు యూనిట్ ధర పెంచుతాడు, అదీ తెలిసిందే. ఐదు యూనిట్ల మనిషికి ఆ బేరం బంగారం.

మనకు పోల్చుకోవడానికి ఏముంది? గుంటూరు, ప్రకాశం సీపీడీసీఎల్ కింద, కర్నూలు ఎస్పీడీసీఎల్ కింద, ఉత్తరాంధ్ర, గోదావరి ఈపీడీసీఎల్ కింద. మూడు బోర్డులు, ఒకటే రేటు. కాకపోతే కోసిగి మనిషికి ఇంకో మార్గముంది: నది దాటడం. తుంగభద్రకు అవతల రాయచూరు జిల్లా. అక్కడ 2023 నుంచి గృహజ్యోతి, నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి సున్నా బిల్లు. కర్నూలు దగ్గర నది దాటితే తెలంగాణ, అక్కడా 2024 నుంచి రేషన్ కార్డున్న ఇంటికి 200 యూనిట్ల దాకా సున్నా. మంత్రాలయం ఒడ్డున నిలబడి చూస్తే బ్రిటనులోకన్నా సులువుగా టారిఫ్ పోల్చుకోవచ్చు, ఈత వస్తే చాలు.

అంత దూరం పోలేనివాళ్ళ కోసం నేనొక అర్జీ తయారుచేశాను. మాకు ఉచితం వద్దు, రాయితీ వద్దు. మా ఇంటిని సీజనల్ పరిశ్రమగా రాసుకుంటే చాలు. నిబంధన ప్రకారం ప్రధాన యంత్రం ఏటా కొన్ని నెలలు మూతపడాలి. ఈ ఇంటికి ప్రధాన యంత్రం ఆలుమగలిద్దరే. ఏటా నాలుగైదు నెలలు మూత, మరమ్మతు కూడా ఉండదు. సీజను వరసగా 4 నెలలకు తగ్గకూడదన్నారు. వాన కురిస్తే జూన్ నుంచి దీపావళి దాకా ఇక్కడే తిరుగుతుంటుంది. ముందుగా నోటీసు ఇవ్వాలన్నారు. వాన పడకపోవడమే నోటీసు, కాపీ వాతావరణ శాఖ దగ్గర దొరుకుతుంది. సీజనల్ అనడానికి రుజువు కావాలంటే విద్యాశాఖను అడగండి. ఇదే ఇళ్ళ పిల్లల కోసం ఇవే ఊళ్ళలో సర్కారు సీజనల్ హాస్టళ్ళు నడుపుతోంది. పిల్లవాడు సీజనల్ అని ఒక శాఖ ఒప్పుకుంది. వాడి ఇల్లు కూడా సీజనలేనని రెండో శాఖ ఒప్పుకుంటే 35 రూపాయల్లో 30 శాతం, అంటే నెలకు 10.50 కట్టేస్తాం. రూపాయి బాకీ ఉంచం.

అర్జీ ఎక్కడివ్వాలో కూడా కనుక్కున్నాను. మండలి కార్యాలయం 2023లో కర్నూలుకే మారింది. ఏలినవారు ప్రజల చెంతకు రావడమంటే ఇదే. వాళ్ళు కర్నూలుకు వచ్చారు, కర్నూలు పడమటి జనం గుంటూరుకు పోయారు. డిస్కమ్‌లు నవంబరు నెలాఖరుకు లెక్కలు దాఖలు చేస్తాయి, ప్రజాభిప్రాయ సేకరణ జనవరిలో పెడతారు, ఏప్రిల్ 1 లోపు ఉత్తర్వు వస్తుంది. జనవరిలో మిరప కోత ముమ్మరంగా ఉంటుంది. ఒక పూట మానేస్తే ఆ పూట కూలి పోతుంది. అందుకని అభ్యంతరం రాతలోనే పంపుతున్నాం, ఒక ప్రతి డిస్కమ్‌కు కూడా. అర్జీదారు వేలిముద్ర కాస్త ఎర్రగా ఉంటుంది, కారం ఘాటు తగిలితే గుమస్తాగారు తుమ్మకుండా చూసుకోవాలి. జవాబు పంపాల్సిన చిరునామా: మోటారు షెడ్డు పక్క నీలం పట్టా, మిరప చేను గట్టు, ప్రత్తిపాడు మండలం, గుంటూరు జిల్లా. మార్చి దాటితే ఇదే గట్టు మీద దొరకం. అప్పుడు ఇంటికే పంపండి, మీటరు తీసుకుంటుంది.