పగలు సరే, రాత్రి సంగతేమిటి?

మా రోజుల్లో జనవరిలో ఫ్యాను వేసుకున్నవాణ్ణి ఒంట్లో బాగాలేదా అని అడిగేవాళ్లు. (మా ఇంట్లో అప్పటికి ఫ్యానే లేదనుకోండి, అది వేరే సంగతి.) భోగిమంట అంటే నిజంగా చలి కాచుకోవడానికి వేసుకున్న మంట. తెల్లవారుజామున దాని చుట్టూ చేరి, ముందువైపు కాలుతుంటే వెనక్కి తిరిగి, వీపు కాలుతుంటే మళ్లీ ముందుకు తిరిగేవాళ్లం. ఇప్పుడు మా అపార్ట్‌మెంటు వాళ్లు ఎండెక్కాక తీరిగ్గా దిగివచ్చి, నాలుగు కర్రలు ముట్టించి, వేడి తగలనంత దూరంలో నిలబడి ఫొటోలు దిగి, చెమట తుడుచుకుంటూ లిఫ్టెక్కి వెళ్లిపోతారు.

2025 సంక్రాంతికి విజయవాడలో సరిగ్గా అదే తంతు. అంతకు నాలుగు నెలల ముందు బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు జనం మేడల మీదికెక్కి కూర్చున్నారు. పాలపాకెట్లు పడవల్లో, అన్నం పొట్లాలు డ్రోన్లలో వచ్చాయి. జనవరికల్లా చూస్తే చినుకు లేదు, మంచు లేదు, చలి అసలే లేదు. అరిసెలు తింటూ అందరం ఫ్యాను కింద కూర్చున్నాం.

“ఇదంతా క్లైమేట్ చేంజ్, తాతయ్యా” అంది మనవరాలు ఫోనులోంచి తల ఎత్తకుండానే.

“చేంజూ లేదు, చింతకాయా లేదు. ఇలాంటివి ఎన్ని చూడలేదు మనం! చెప్పండి బావా” అన్నాడు మా బావమరిది.

ఆ ‘చెప్పండి’ దగ్గర మొదలైన వాదన పండగతో ఆగలేదు. ఫోన్లలో ఫిబ్రవరి దాకా సాగింది.

బావమరిదికి నూజివీడు పక్కన మామిడితోట ఉంది. చిన్న రసాలు, బంగినపల్లి, కొంత కలెక్టరు కాయ. తోట ఉన్నవాడికి ఆకాశం మీద గట్టి అభిప్రాయాలుంటాయి. వాడి మొదటి అస్త్రం ధాత కరువు. 1876లో, ఆ మరుసటి ఏడూ వానలు ముఖం చాటేస్తే దక్షిణాదిలో లక్షల మంది ఆకలికి పోయారు. దానికి నలభై ఏళ్లకు పైగా ముందు నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. “అప్పుడు ఏ కార్లు పొగ వదిలాయి? ఏ ఏసీలు తిరిగాయి?” అని వాడి ప్రశ్న. తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. వానలు ఎగ్గొట్టడం ఆకాశానికి పాత అలవాటే. దానికి కారణాలు వెతకడమూ మనకు పాత అలవాటే. మా ఊళ్లో శ్రావణం ఎండిపోతే రామాలయంలో విరాటపర్వం చదివించేవారు. ఆడపిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి అంటూ ఇంటింటికీ తిరిగితే అమ్మలక్కలు చెంబుతో నీళ్లు పోసేవాళ్లు. వాన పడితే పుణ్యం విరాటపర్వానిది. పడకపోతే పాపం ఊరి పెద్దలది. ఎటు చూసినా లెక్క సరిపోయేది.

తెల్లవాళ్లు కప్పను కట్టలేదు గానీ, వాళ్లూ కంగారుపడ్డారు. దేశంలో వాతావరణ శాఖ పుట్టింది 1875లో. దాని తొలి అధిపతి బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మంచుకూ మన వానలకూ లంకె పెట్టాడు. తర్వాత 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ అసలు లెక్కల మనిషి. ప్రపంచం నలుమూలల అంకెలు ముందేసుకుని కూర్చుని, పసిఫిక్ సముద్రం మీద ఒక కొసన గాలి ఒత్తిడి పెరిగితే రెండో కొసన తగ్గుతుందని పసిగట్టాడు. ఇప్పుడు టీవీలో కుర్రాళ్లు ఎల్‌నినో, లానినా అని నాలుక తడబడకుండా చెప్పేస్తున్నదానికి మూలాల్లో ఒకటి అదే. ఎల్‌నినో ఏడాదిలో ఆ సముద్రం వేడెక్కి మన వానల్ని చాలాసార్లు దెబ్బతీస్తుంది, లోకాన్ని కాస్త వెచ్చబరుస్తుంది. లానినా ఏడాదిలో చల్లబరుస్తుంది. ధాత కరువు రెండో ఏట ఉన్నది గట్టి ఎల్‌నినో. కాబట్టి పాత కరువులకు కార్ల పొగ అక్కర్లేదన్న మాట నిజమే.

జనవరి ముగిశాక వాతావరణ శాఖ లెక్కలు చెప్పింది. దేశమంతా కలిపి ఆ నెల సగటు 18.98 డిగ్రీలు, 1901 నుంచీ చూస్తే మూడో అత్యధికం. వాన మామూలుగా 17.1 మిల్లీమీటర్లు పడాల్సింది 4.5తో సరిపెట్టింది. ఆ సాయంత్రమే బావమరిది ఫోను. గొంతులో పెళ్లివారి సందడి. “చూశారా బావా, మూడోది! మొదటి రెండూ ఏవో తెలుసా? 1958, 1990! మీ క్లైమేట్ చేంజ్ 1958లో ఎక్కడుందండీ?”

అబద్ధం కాదు. 1958 జనవరి నిజంగానే వెచ్చన. కానీ పేకాటలో ముక్క విసిరేముందు చేతిలో మిగిలినవేమిటో చూసుకోవాలి కదా. 1957-58 ఎల్‌నినో కాలం. ఆ జనవరికి పసిఫిక్ సముద్రం వెనకనుంచి మంట ఎగదోస్తూనే ఉంది. 2025 జనవరిలోనో? పసిఫిక్‌లో ఉన్నది లానినా. బలహీనమైనదే కావచ్చు, అయినా చల్లబరిచే రకం. చల్లబరిచే చెయ్యి పడ్డాక కూడా మూడో స్థానంలో నిలబడింది. పైగా ప్రపంచమంతటి సగటు తీసుకుంటే అంత వేడి జనవరి రికార్డుల్లోనే లేదు. ఇంకో మాట. అదే 1958లో హవాయి దీవుల్లో మౌనాలోవా కొండ మీద కీలింగ్ అనే ఆయన గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో విడవకుండా కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్లలో 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. బావమరిది చూపించిన ఏడాదే వాడికి అడ్డం తిరిగింది. 1990 సంగతి మాత్రం నేను కదపలేదు. ఆ ఏడు ఎల్‌నినో లేదు, లానినా లేదు. ఆ ముక్క వాడికే వదిలేశాను.

అయినా ఏ నెల ఎన్నో స్థానంలో ఉందన్న పందెం మీద నాకు పెద్ద గౌరవం లేదు. ఒక పొడి నెలను పట్టుకుని వాతావరణం మారిపోయిందనడం, ఒక చల్లని ఉదయాన్ని పట్టుకుని ఏమీ మారలేదనడం, రెండూ ఒక తానులో ముక్కలే. పగటి ఎండ గురించైతే మాకు చెప్పకండి. రెంటచింతల పేరు వినకుండా వేసవి వార్తలు పూర్తయ్యేవి కావు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. ఎండ మాకు చుట్టమే. మారింది రాత్రి. వాదించుకునే వాళ్లంతా మిట్టమధ్యాహ్నం గురించే కొట్టుకుంటారేమిటో నాకు అర్థం కాదు.

పగలంతా నేల తాగిన వేడిని రాత్రికి ఆకాశానికి వదిలేయాలి. మబ్బుంటే దుప్పటి కప్పినట్టు ఆ వేడి కిందే నిలిచిపోతుంది. ఆకాశం తేటగా, గాలి పొడిగా ఉంటే జారిపోతుంది, తెల్లారేసరికి గడ్డి మీద మంచు. అందుకే మా పెద్దవాళ్లకు పొడి చలికాలమంటే గట్టి చలికాలమని లెక్క. చినుకు లేకపోతే చలి ముదిరేది. ఇప్పుడు పొడి ఉంది, చలి లేదు! ఆకాశం అద్దంలా ఉన్నా వేడి పోనంటోంది. గాలిలో పోగుపడ్డ ఆ కార్బన్ డయాక్సైడ్ పాళ్లే దాన్ని పట్టి ఉంచుతున్నాయి. ఇది నా గొణుగుడు కాదు. 2024 సంవత్సరానికి వాతావరణ శాఖ ఇచ్చిన అంకెలు చూడండి. పగటి గరిష్ఠాల సగటు మామూలు కంటే 0.20 డిగ్రీలు ఎక్కువ. రాత్రి కనిష్ఠాల సగటు ఎంత ఎక్కువనుకున్నారు? 0.90! 1901 నుంచీ అంత వెచ్చని రాత్రుల ఏడాది లేదు.

ఆ ‘మామూలు’ ఒకటి. అది మా చిన్నప్పటి మామూలు అనుకునేరు. కాదు, 1991 నుంచి 2020 దాకా ఉన్న సగటు. అంతకుముందు 1981 నుంచి 2010 దాకా ఉండేది. పదేళ్లకోసారి ముందుకు జరుపుతారు. పద్ధతి ప్రకారం సబబేనట, పంటలకూ సూచనలకూ అదే పనికొస్తుందట. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. మా మనవరాలి మామూలులో మా భోగిమంటల చలి లేనే లేదు. ఇంకో పదేళ్లకు ఈ ఉక్కపోతే మామూలై కూర్చుంటుంది. అప్పుడు టీవీలో అమ్మాయి ‘ఉష్ణోగ్రతలు సాధారణంగా ఉన్నాయి’ అని నవ్వుతూ చెబుతుంది.

ముసలాళ్ల జ్ఞాపకాన్ని నమ్మొద్దంటారు. నమ్మకండి. పోనీ వంటింటిని నమ్మండి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ధనుర్మాసమంతా మా అమ్మ పొద్దున్నే సీసాను ఎండలో పెట్టి, కరిగాక గానీ మా చెల్లెళ్లకు జడలు వేసేది కాదు. పెరుగు తోడుకోవడం ఒక యజ్ఞం. తోడు కాస్త ఎక్కువ వేసి, గిన్నెను ఆరిన పొయ్యి పక్కన బూడిద వేడికి పెట్టేవారు. అయినా తెల్లారి చూస్తే నీళ్లపాలే. ఇప్పుడు జనవరిలో మా ఆవిడ రాత్రి తోడేసి తెల్లవారేసరికి పుల్లబడిందని ఫ్రిజ్‌లోకి తోస్తోంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందనేవాళ్లు. రాని చలి ఎక్కడికి పోతుందండీ? 2025 ఫిబ్రవరి సగటు 22.04 డిగ్రీలు, 1901 తర్వాత అంత వేడి ఫిబ్రవరి లేదు. ఈసారి మొదటి స్థానమే. 1958 గురించి ఎవరూ ఫోను చేయలేదు.

ఈ రాత్రి సంగతి పెరుగుతోనే పోతే నవ్వుకుని ఊరుకోవచ్చు. పగలు ఎండలో వేగిన ఒళ్లు రాత్రి చల్లబడితేనే మర్నాటికి తేరుకుంటుంది. 2015 మేలో వడగాలికి దేశంలో 2,000 మందికి పైగా పోతే అందులో అత్యధికులు మన రెండు రాష్ట్రాల వాళ్లే. మా రోజుల్లో డాబా మీద బకెట్టెడు నీళ్లు చల్లి, నులకమంచం వేసుకుని పడుకుంటే రెండో జాముకు దుప్పటి వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు డాబా మీద సెల్ టవరు, నీళ్ల ట్యాంకులు, ఏసీ పెట్టెలు. ఎవడి గది వేడిని వాడు పక్కవాడి కిటికీలోకి ఊదడం.

ఇక్కడ మనవరాలి పక్షం మీదా నాకో కోపం ఉంది. క్లైమేట్ చేంజ్ అన్న మాట దొరికాక చేతకానివాళ్లందరికీ పండగ. మా పాత వీధికి నీడనిచ్చిన చింతలూ నిద్రగన్నేర్లూ రోడ్డు వెడల్పులో పోయాయి. చెరువు పూడ్చి ప్లాట్లు వేశారు. వేడెక్కిపోతోందయ్యా అని అర్జీ పట్టుకెళ్తే, కుర్చీలోని పెద్దమనిషి ఫ్యాను స్పీడు పెంచుకుంటూ “గ్లోబల్ వార్మింగ్ కదండీ, మనమేం చేస్తాం” అన్నాడు. గ్లోబు సంగతి తర్వాత, ఆ చెరువు గట్టు మీద మర్రిచెట్టును కొట్టింది ఎవరు? మా రోజుల్లో కనీసం వరుణదేవుడి మీద నెపం వేసి ఊరుకునేవాళ్లు, పూడిక మాత్రం ఏటా తీసేవాళ్లు.

బావమరిది ఇప్పటికీ ఒప్పుకోలేదు. తోట సంగతి అడిగితే మాత్రం మాట మారుస్తాడు. మామిడికి చలికాలం రాత్రి చల్లగా ఉండాలి. అప్పుడే కొమ్మ చివర పూత వస్తుంది. వెచ్చగా ఉంటే చెట్టు పూత మాట మరచి చిగురు వేస్తుంది. ఎర్రటి చిగుళ్లు చూడముచ్చటగా ఉంటాయి, అమ్ముకోవడానికి పనికిరావు. పూత ఒకేసారి రాకుండా విడతలు విడతలుగా వస్తే మందులు కొట్టే ఖర్చు రెట్టింపు. తేనెమంచు పురుగు ఒక విడతను వదిలి ఇంకో విడతను పడుతుంది. వాళ్ల నాన్నగారి కాలంలో వ్యాపారి జనవరిలో వచ్చి, తోటంతా ఒక చుట్టు తిరిగి, పూత మీదే బేరం కుదుర్చుకుని బయానా ఇచ్చి వెళ్లేవాడు. ఇప్పుడు ఆ వ్యాపారి కొడుకు వస్తున్నాడు. పూత చూసి బాగుందంటాడు, కాఫీ తాగుతాడు, బయానా ఊసెత్తడు. పిందె గోళీకాయంత అయ్యాక మళ్లీ వస్తానని బండెక్కుతాడు.

“వాడూ నమ్మేశాడన్నమాట” అన్నాను ఫోనులో.

“వాడి మొహం, వాడు పిసినారి బావా” అన్నాడు బావమరిది. “పూతకు మందు కొట్టించాలి. ట్యాంకరు వచ్చింది, ఉంటాను.”