పండగపూట స్థితప్రజ్ఞులు

సంక్రాంతి దగ్గరపడిందంటే చాలు, ఫోన్ల నిండా ఉపదేశాలు. చుట్టాల మధ్య మనశ్శాంతి కాపాడుకోవాలంటే శ్వాస మీద ధ్యాస పెట్టాలట. ఎవరేమన్నా స్పందించకూడదట. చుట్టూ ఒక వెలుగు వలయం ఊహించుకోవాలట. ఇంతకీ వెళ్తున్నది మేనత్తగారింటికా, కురుక్షేత్రానికా అని అనుమానం వస్తుంది.

ఆ మాటకొస్తే భగవద్గీత పుట్టిందే చుట్టాలను చూసి చేతులాడని మనిషి కోసం. తాతలు, మేనమామలు, బావమరుదులు ఎదురుగా నిలబడేసరికి అర్జునుడు గాండీవం జారవిడిచాడు. లేచి పని చూడమన్నాడు కృష్ణుడు. మన శాంతిమూర్తులు రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుడి లక్షణాల దాకా శ్రద్ధగానే చదివారు. కర్మయోగం చెప్పే మూడో అధ్యాయం తిప్పేలోగా పాపం, భోజనానికి పిలుపొచ్చింది.

భోగినాడు ఏ ఇంట్లోనైనా చూడండి. మేడ మీద గదిలో తలుపేసుకుని కళ్లు మూసుకున్నవారు పెద్దబ్బాయిగారు. పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లొచ్చారు. అక్కడ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, నోరు విప్పకుండా గడిపిన వైనాన్ని వచ్చినవాళ్లందరికీ నోరారా చెబుతున్నారు. అదే నాలుగింటికి నలభై ఏళ్లుగా లేస్తున్న వాళ్లమ్మ అనుభవాలు వినడానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు.

ఏకాగ్రత చూడాలనుకుంటే అరిసెల పొయ్యి దగ్గరికి రావాలి. బెల్లం పాకం చుక్క నీళ్లలో వేస్తే ఉండకట్టాలి. పాకం ముదిరిందా, అరిసె రాయవుతుంది. లేతగా దించారా, నూనెలో విచ్చిపోతుంది. ఆ కాసేపూ పిన్ని మనసు నిన్నటి మీదికీ పోదు, రేపటి మీదికీ పోదు. పోతే పిండంతా దండగ. వర్తమానంలో బతకడం నేర్పుతామని రుసుము పుచ్చుకునే గురువులెవరూ ఆ పీట మీద ఒక్క పూట కూర్చున్నట్టు లేరు.

ఇక స్పందించకపోవడమనే సాధన. "బావగారూ, గ్యాస్ బండ మార్చాలి" అంటే స్పందన ఉండదు. "నాన్న ఆపరేషన్ ఖర్చు తలా కొంచెం వేసుకుందామా?" అని తమ్ముడు అడిగితే మౌనవ్రతం. పేకాటలో ముక్క కలవకపోతే మాత్రం సమాధి భగ్నమై, వీధి చివరిదాకా వినిపిస్తుంది.

చుట్టాల మాటలు నొప్పించవని ఎవరూ అనరు. పెళ్లెప్పుడు, ప్యాకేజీ ఎంత, విశేషమేమీ లేదా అనే ప్రశ్నలు నిజంగానే గుచ్చుకుంటాయి. ఎక్కువ గుచ్చుకునేది కోడళ్లకి. వాళ్లకి మేడ మీద గది ఖాళీ ఉండదు. అబ్బాయి కళ్లు మూసుకుంటే ధ్యానం, కోడలు మూసుకుంటే బద్ధకం.

అరణ్యపర్వంలో కౌశికుడనే తపస్వి, తన మీద రెట్ట వేసిన కొంగను కంటిచూపుతో చంపాడు. భిక్ష తేవడం ఆలస్యమైందని ఒక ఇల్లాలి మీదా కళ్లెర్రజేశాడు. ఆవిడ బెదరలేదు సరిగదా, నేను కొంగను కానంది. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడి దగ్గరికి పొమ్మంది. ఆయన వెలుగు వలయాలేమీ ఊహించుకోమనలేదు. వదిలేసి వచ్చిన ముసలి తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి సేవ చెయ్యమన్నాడు.

అయినా ఈ వైరాగ్యం అసలు రంగు తేలేది కనుమ నాడు, గారెలు తిన్నాక పొలం కాగితాలు బయటికి తీసినప్పుడు. అన్నగారి ముఖంలో అప్పుడు చూడాలి ప్రశాంతత! "భూమి పోయేటప్పుడు మనతో వస్తుందా చెల్లాయ్? మమకారాలు తగ్గించుకోవాలి. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు." ఆడపిల్లకు ఆస్తిలో సమాన హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. అన్నగారు గీత చదివినంత శ్రద్ధగానే ఈ చట్టాలూ చదివినట్టున్నారు. చెల్లెలు ఆలోచించుకుంటానంటే, పండగపూట ఇంట్లో శాంతి చెడగొట్టిందన్న నింద ఆవిడకే.

భూమి మనతో రాదన్నది నిజమే. ఆ ముక్క అంత బాగా తెలిసినవాడే ముందు సంతకం పెట్టాలి.