రిపేరా, కొత్తదా, కమిటీయా?

మా ఆంప్లిఫయర్ ఆన్ చేయగానే ముందు తన పాట తాను ఎత్తుకుంటుంది. ‘గుంయ్’మనే ఆ ఒక్క స్వరాన్ని దాటుకునే సుశీలమ్మ బయటికి రావాలి. వాల్యూమ్ తిప్పితే పల్లీలు వేగినట్టు చిటపట. కుడి స్పీకర్ మనసైనప్పుడే పలుకుతుంది. ఇళయరాజా ఒక వాద్యాన్ని ఎడమపక్క, ఇంకోదాన్ని కుడిపక్క పెట్టి ఎంత ముచ్చటగా పాట కట్టినా, మా ఇంట్లో కుడిపక్క వాద్యగాళ్లంతా చాన్నాళ్లుగా సెలవులో ఉన్నారు.

దీని భవిష్యత్తు మీద బోధన్‌లోని మా ఇంట్లో పార్టీలు మూడు. “ఆ డబ్బా తీసేస్తే గక్కడ కుట్టుమిషన్ పడ్తది” అని మా ఆవిడ. “సౌండ్‌బార్ తెద్దాం డాడీ, వెయ్యి వాట్లు!” అని మావాడు. ఆ వాట్ల సంగతేందో చూద్దామని దుకాణంలో అడాప్టర్ తిప్పి చదివాను: 12 వోల్టులు, 2 ఆంపియర్లు. గుణిస్తే 24 వాట్లు. మిగతా 976 పీఎంపీవో అనే నాలుగక్షరాల ఖాతాలో ఉన్నాయి.

మూడో పార్టీ మా బాపు. ఫ్యాక్టరీ బోనస్ పైసలతో ఈ ఆంప్లిఫయర్‌ని కొన్నది ఆయనే. ఆయన మాట ఒక్కటే: “మన ఫ్యాక్టరీ చాలూ గానీ, అప్పుడు జూద్దాం.”

మా బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ అంటే మాటలా! 1937లో నిజాం హయాంలో పెట్టింది, ఆసియాలోనే పెద్దదని పేరు. క్రషింగ్ రోజుల్లో మొలాసిస్ వాసన ఊరంతా పట్టుకునేది. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ అన్నారు. 2024లో తెరిపించే దారి చూడమని ప్రభుత్వం కమిటీ వేసింది. అందుకే మా ఊళ్లో ఏది ఖరాబైనా దారులు రెండు కాదు, మూడు: రిపేరు, కొత్తది, కమిటీ.

మూడోది తప్పించుకుందామని డబ్బాను ఒళ్లో పెట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాను. మెకానిక్ మూత విప్పి, దుమ్ము ఊది, బల్లిగుడ్ల పెంకులు దులిపి, స్క్రూడ్రైవర్‌తో రెండు కండెన్సర్లు చూపించాడు. చదునుగా ఉండాల్సిన నెత్తులు ఉబ్బిపోయాయి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. డయోడ్లు దాన్ని 100 పోట్లు చేస్తాయి. ఆ పోట్లను సాఫు చేయాల్సినవి ఈ కండెన్సర్లే. వాటి లోపలి తడి ఎండిపోతే పోట్లన్నీ స్పీకర్ల దాకా వచ్చేస్తాయి. గుంయ్ పుట్టుక అదీ.

“మార్పించాల్నా, కొత్తది కొనాల్నా?” అన్నాను.

“ట్రాన్స్‌ఫార్మర్ సూడున్రి సార్, అంతా రాగి తీగ. ఇప్పుడొచ్చే సస్తా మాల్‌ల అల్యూమినియమే. కండెన్సర్లు ఏస్త, వాల్యూమ్ కంట్రోల్ మారుస్త. కుడిదిక్కు సోల్డరింగ్ ఊడింది, అంటిస్త. గ్యారంటీ మాత్రం అడుగకున్రి.”

గ్యారంటీ లేకపోతే పోయె, జబ్బు ఎక్కడుందో చూపించాడు. నాకు అక్కడే తేలిపోయింది. ‘ఇదీ తప్పు’ అని స్క్రూడ్రైవర్ పెట్టి చూపించేవాడుంటే రిపేరు. చూపించేవాడు దొరక్కపోతే కొత్తది. అందరికీ కనబడుతున్నా ఎవరూ చూపించకపోతే కమిటీ.

ఈ సిద్ధాంతం మా ఆవిడకు గొప్పగా చెప్పాను. శ్రద్ధగా విని, కుట్టుమిషన్ ఎక్కడ పెట్టాలో తేల్చడానికి అప్పటికప్పుడు కమిటీ వేసింది. అధ్యక్షుడు బాపు.