‘ఎనుబది’ వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము:
ఎకో 80 | సుడో టీ /సిస్/క్లాస్/పవర్_సప్లై/బ్యాట్0/ఛార్జ్_కంట్రోల్_ఎండ్_థ్రెషోల్డ్

అవతారిక: లినక్స్ ల్యాప్‌టాప్‌ను రేయింబవళ్లు ఛార్జరుకే తగిలించి యుంచెడి ఒకానొక ఉద్యోగి, బ్యాటరీ చెడునేమోయను భయమున టెర్మినల్ తెరచి ఇట్లనుచున్నాడు.

టీక: ఎకో = పలుకుము; 80 = ఎనుబది యను అంకెను; | = పైపుగుండా; సుడో = రూట్ అధికారమును పూని; టీ = నీళ్ల గొట్టముల ‘టీ’ జాయింటు వలె, వచ్చినదానిని తెరపైకొకటి, ఫైలులోనికొకటిగా పంపుము; బ్యాట్0 = మొదటి బ్యాటరీ యొక్క (వీరి లెక్క సున్నతో మొదలు); ఎండ్ థ్రెషోల్డ్ = ఛార్జింగు ఆగవలసిన హద్దు; తక్కినది త్రోవ.

తాత్పర్యము: నూటికి ఎనుబది పాళ్లు నిండగనే ఛార్జింగు నిలుపుము. లిథియం అయాన్ బ్యాటరీ పూర్తిగా నిండి, వేడిలో చిరకాలముండినచో త్వరగా ముసలిదగును. నిండుకుండ సామెత ఇచట చెల్లదు.

విశేషము: ఇది పేరునకే ఫైలు. ఎల్ఎస్ కొట్టిన 4096 బైట్లని గొప్పలు పోవును. క్యాట్ కొట్టిన ‘80’ తప్ప ఏమియు లేదు. డిస్కంతయు గాలించినను దొరకదు. చదువబోవువేళ డ్రైవరులోని ఒక ఫంక్షన్ విలువను చెప్పును. వ్రాసినచో వేరొకటి అందుకొని హార్డ్‌వేరు చెవిన వేయును. 800 అని వ్రాసిచూడుడు, ‘ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్’ అని మొగముమీదనే చెప్పును. మామూలు ఫైలు ఇట్లు ఎదురాడునా? 2003 చివర వెలువడిన 2.6 కెర్నల్‌తో స్థిరపడిన ఈ ‘/సిస్’ త్రోవలోని సిస్ఎఫ్ఎస్ అగ్రహారముననే తెర వెలుతురు, సీపీయూ గవర్నరు, కీబోర్డు దీపము కాపురమున్నవి. తెర బ్రైట్‌నెస్ ఫైలులో 0 వ్రాయు సాహసికులు చీకటిలో టైపు చేయుట ముందుగా అభ్యసింపవలెను.

పూర్వపక్షము: ‘సుడో ఎకో 80 > ఫైలు’ అని సులువుగా అనక, నడుమ ఈ టీ యేల?
సమాధానము: > గుర్తు షెల్లు సొత్తు, సుడోకు దానితో పనిలేదు. సుడోను పిలువకమునుపే షెల్లు తన సామాన్యాధికారముతో ఫైలు తెరువబోయి ‘పర్మిషన్ డినైడ్’ అనిపించుకొని వచ్చును. ఎకోకు రూట్ కిరీటము పెట్టి ఏమి లాభము? అంకె పలుకుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఫైలు తెరచువాడు టీ గనుక సుడో వానికే చెల్లును. ఏండ్ల తరబడి సర్వర్లు కాచినవారును ఇచట జారుదురు. జారి, కెర్నల్‌ను తిట్టుదురు.

పాఠాంతరము: కొన్ని యంత్రములలో ‘బ్యాట్1’ అని కలదు. పాత థింక్‌ప్యాడ్ డ్రైవరు ప్రతులలో ‘ఛార్జ్_స్టాప్_థ్రెషోల్డ్’ అని పాఠము. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ ఫైలే ఉండదు; డ్రైవరు లేనిచోట వ్యాఖ్యాత చేయగలిగినది లేదు.

ఫలశ్రుతి: కొన్ని యంత్రములు ఈ మాటను రీబూట్ తరువాతను గుర్తుంచుకొనును. మరికొన్ని మరల నూటికి ఎగబ్రాకును. వాటి యజమానులు ఆన్ చేసిన ప్రతిసారియు దీనిని పఠింపవలెను. ఓపిక లేనివారు పారాయణమును సిస్టమ్‌డీ సర్వీసుకు అప్పగింతురు.