ధూమకుక్కుటీయం: టీకా తాత్పర్య సహితం

మూలం

కోడి రొమ్ము గోసి కొంచెముప్పున నాన్చి
పెనము మీద మూత బెట్టి కాల్చి
గిన్నె నడుమ నిప్పు కెంపులా మెరియంగ
నేతి చుక్క వేసి నింపు పొగను

అవతారిక

తూర్పు ఢిల్లీలో, యమున ఆవలి గట్టున, వికాస్ మార్గ్‌ను ఆనుకుని లక్ష్మీ నగర్ ఉంది. 2010 జనవరిలో మెట్రో వచ్చింది. సీఏ కోచింగులు అంతకుముందే వచ్చాయి. ప్రతి గోడ మీదా ఒక గురువుగారి నిలువెత్తు ఫొటో, దాని కింద ర్యాంకుల పట్టిక. గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చిన పిల్లలు ఇక్కడి నాలుగో అంతస్తు గదుల్లో ఒక గ్యాసు పొయ్యి, ఒక పెనం, ఒక స్టీలు గిన్నెతో కాపురం పెడతారు. పగలు ఆర్టికల్‌షిప్, రాత్రి ఆడిట్ పుస్తకం. ఆదివారం బిర్యానీకని అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ దాకా వెళితే ఆ పూట చదువు గల్లంతు. అలాంటి గదిలో ఒకానొక సాయంత్రం పుట్టిన పద్యమిది. కవి పేరు దొరకలేదు. ఆకలి మీద ఉన్నాడన్నది మాత్రం ‘గోసి, నాన్చి, కాల్చి, వేసి’ అన్న క్రియల తొందర వల్ల తెలుస్తున్నది.

ఛందస్సు ఆటవెలది. కో-కొం, పె-బె, గి-కెం, నే-నిం యతులు చెల్లాయి. ‘కెంపులా’ అన్నది వాడుక మాట. ‘కెంపువలె’ అని దిద్దబోతే గణం చెడింది, అందుచేత కవినే గెలిపించాను. మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి, కాళిదాసుకి టీక రాస్తూ, మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ఒట్టుపెట్టుకున్నాడు. ఆయన వ్యాఖ్యానించినవి కావ్యాలు. ఇది రాత్రి భోజనం కాబట్టి ఆ నియమాన్ని సడలిస్తున్నాను.

ప్రతిపదార్థం

కోడి రొమ్ము = బ్రాయిలర్ కోడి ఎదభాగంలోని ఎముక లేని మాంసం. మన ఇళ్లలో మర్యాద కాలిముక్కది. అల్లుడి కంచంలో పడేదీ, దాని కోసం పిల్లలు కొట్టుకునేదీ అదే. రొమ్ముకి కొవ్వు తక్కువ, అందువల్ల ఒక నిమిషం ఎక్కువ కాలినా పీచైపోతుంది. మరి కవి దాన్నే ఎందుకు పట్టుకున్నాడు? జిమ్ముకెళ్లే కుర్రాళ్లున్న పేట కనుక ‘బోన్‌లెస్ బ్రెస్ట్’ అంటే కొట్టువాడు మారుమాట లేకుండా కోసిస్తాడు. ఘాజీపూర్ ముర్గా మండీ దగ్గరే, సరుకుకి కొదవ లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఎముక లేని ముక్క తొందరగా ఉడుకుతుంది.

గోసి = మందంలో అడ్డంగా కత్తి పోనిచ్చి, రెండు పలుచని పలకలుగా చీల్చి. ఒక కొస లావు, ఒక కొస సన్నం ఉన్న ముక్కను యథాతథంగా పెనమెక్కిస్తే సన్నపు కొస ఎండిపోయేదాకా లావు కొస పచ్చిగానే ఉంటుంది.

కొంచెముప్పున నాన్చి = లీటరు నీటిలో రెండు పెద్ద చెంచాల ఉప్పు కలిపి అందులో అరగంట ఉంచి. ఉప్పు మాంసంలోని ప్రొటీన్లను సడలిస్తుంది, అవి నీటిని వదలకుండా పట్టుకుంటాయి. ‘కొంచెము’ అన్నది ఉప్పుకి కాక కాలానికి అన్వయించాలని కొందరు అనవచ్చు. రెండింటికీ అన్వయిస్తే గొడవ లేదు. రాత్రంతా నాన్చినవాడు రెండూ తప్పినవాడు.

పెనము మీద మూత బెట్టి కాల్చి = కాస్త నూనె, మిరియాల పొడి రాసి, ఒక్కో పక్క నాలుగైదు నిమిషాలు మూత కింద కాల్చి. పద్యానికి ప్రాణం ఈ ‘కాల్చి’లో ఉంది. ఇది క్త్వార్థకం, అంటే పొగ నింపే పనికంటే ముందే ముగిసిపోవలసిన పని. అమెరికావాళ్ల స్మోకర్లలో 110 డిగ్రీల వేడి పొగలో మాంసం గంటకు పైగా ఉండి అందులోనే ఉడుకుతుంది. అక్కడ పొగ వంటవాడు. ఇక్కడ పొగ వడ్డనకి ముందు వచ్చే పన్నీరుబుడ్డి, దానితో ఏదీ ఉడకదు. ముక్క మధ్యలో వేడి 74 డిగ్రీలు చేరాకే రెండో అంకం మొదలుపెట్టాలి. ఈ క్రియాక్రమం తిరగేసి పచ్చిముక్కకి పొగబెట్టి తిన్నవాడికి మర్నాటి క్లాసు ఉండదు.

గిన్నె నడుమ = ముక్కలు పేర్చిన పెద్ద గిన్నె మధ్య పెట్టిన చిన్న స్టీలు గిన్నెలో, అది లేకపోతే ఉల్లిపాయ డొప్పలో.

నిప్పు కెంపులా మెరియంగ = రొట్టెలు కాల్చే జాలీ మీద, గ్యాసు మంటపై, బొగ్గు ముక్క నిలువెల్లా ఎర్రబడగా. అగ్గిపుల్ల గీయగానే అంటుకునే హుక్కా బొగ్గు బిళ్లలు ఇందుకు పనికిరావు. వాటికి పట్టించిన రసాయనాల వాసనంతా కోడికే చేరుతుంది.

నేతి చుక్క వేసి = నిప్పు మీద అర చెంచా నెయ్యి వేసి. ఇక్కడ శాస్త్రం అవసరం.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. 17వ శతాబ్దంవాడు. తన పుస్తకానికి దీపిక అనే టీక కూడా తనే రాసుకున్నాడు, నాబోటివాళ్ల చేతిలో పడకూడదనే కావచ్చు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనడానికి తార్కికులు చూపే దృష్టాంతం వంటిల్లే. అయితే దాన్ని తిరగేసి, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె తోడవ్వాలి. దాన్ని వాళ్లు ఉపాధి అంటారు. మన బొగ్గుదీ ఇనుపగుండు కోవే. కట్టె బొగ్గయిన రోజే దానిలోని పొగంతా వెళ్లిపోయింది. కట్టెపొగకి ఆ కమ్మదనం ఇచ్చేవి చెక్కలోని లిగ్నిన్ విరిగినప్పుడు పుట్టే గ్వాయకాల్, సిరింగాల్ వంటి పదార్థాలు. అవి బొగ్గులో ఇక మిగలవు. కణకణలాడే బొగ్గు వేడి 600 డిగ్రీలు దాటుతుంది, నెయ్యి 250 దగ్గరే పొగలు కక్కుతుంది. కాబట్టి గిన్నెలో నిండేది నేతిపొగే. బొగ్గుకి దక్కే పేరంతా నేతిది. నేతితోపాటు రెండు లవంగాలు వేయడం, ఇలా బొగ్గు మీది నేతిపొగ పట్టించే ఉత్తరాది ధుంగార్‌లో మామూలు. లవంగంలోని యూజినాల్, కట్టెపొగలోని గ్వాయకాల్ ఒకే కుటుంబానివి. ఆ రెండు లవంగాలతో బొగ్గు పోగొట్టుకున్న వాసన కొంత తిరిగివస్తుంది. కవికి కెమిస్ట్రీ తెలియదు, లవంగాల డబ్బా కూడా ఉన్నట్టు లేదు.

నింపు పొగను = పొగను నింపుము. మూత అధ్యాహారం. రెండో పాదంలో చెప్పిన మూతనే ఇక్కడికీ తెచ్చుకోవాలి, గదిలో ఉన్నది ఎలాగూ ఒక్కటే. నాలుగైదు నిమిషాలు చాలు, మించితే చేదు.

తాత్పర్యం

ఉప్పునీటిలో నానబెట్టిన కోడి రొమ్మును పూర్తిగా కాల్చి, ఆపైన నేతిపొగ పట్టించుము అని భావం. పప్పుచారు ఉంటే అందులోకి, లేకపోతే రొట్టెలో చుట్టుకుని.

విశేషాలు

పాలు పొగచూరితే మన అమ్మలు పారబోస్తారు. పొగచూరిన అన్నం కుక్కకి. అలాంటి దోషమే ఇక్కడ గుణమైంది. దోషాన్ని గుణంగానో, గుణాన్ని దోషంగానో కల్పించి చెబితే అది లేశాలంకారమని అప్పయ్య దీక్షితుల కువలయానందం. ఢిల్లీలో ఈ అలంకారానికి అదనపు బరువుంది. నవంబరు వచ్చేసరికి ఊరంతా పొగచూరి ఉంటుంది. కాలుష్యం పెరిగినప్పుడు విధించే జీఆర్ఏపీ ఆంక్షలతో హోటళ్ల తందూరులకి బొగ్గు కూడదంటారు. బయటి పొగకి కళ్లు మండుతూ ఇంటికొచ్చినవాడు గిన్నెడు పొగని కొనితెచ్చుకుంటున్నాడంటే, వాడికి పొగ మీద కోపం లేదు, దాని కొలత మీదే.

శంక: ఇది పొమ్మనలేక పొగబెట్టినట్టు అవదా? గది బయట ‘ఓన్లీ వెజ్’ బోర్డుండగా ఇంటివాళ్లకి తెలిస్తే?

సమాధానం: తర్కం ప్రకారం ధూమం వల్ల వహ్ని సిద్ధిస్తుందే గాని కుక్కుటం సిద్ధించదు. పైగా నిప్పు, నెయ్యి, లవంగం కలిసిన వాసన కింది వాటాకి దిగేసరికి, పరీక్షల ముందు కుర్రాడెవరో హవనం చేయించుకుంటున్నాడని ఆంటీజీ అనుకుంటారు. ఇది భ్రాంతిమదలంకారం. అద్దె పెరగకుండా ఉండటం దీని ప్రయోజనం.

ఆటవెలదికి నాలుగే పాదాలు కనుక నిప్పు ఆర్పడం కవి చెప్పలేకపోయాడు. నేను చెబుతాను. పొగ పట్టగానే చిన్న గిన్నెను పట్టకారుతో బాల్కనీలోకి తీసి, బొగ్గు మీద నీళ్లు పోయాలి. ఢిల్లీ చలికి తలుపులు బిగించి అంగీఠీ (బొగ్గుల కుంపటి) పెట్టుకుని పడుకున్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు శీతాకాలంలో వస్తూనే ఉంటాయి. బొగ్గు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. హేతువే కనబడని చోట అన్నంభట్టు కూడా ఏమీ ఊహించలేడు. అందుకే బొగ్గు వెలిగించింది మొదలు ఆర్పేదాకా కిటికీ బార్లా తెరిచి ఉంచాలి, బయట ఏక్యూఐ 400 ఉన్నా సరే.